'టేబుల్ చేస్తాం' అన్నారు, మేం ధర తగ్గించుకున్నాం

బ్రాడీపేట గుమస్తా | శుక్రవారం రాత్రి 9.10

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో లెక్కలు రాస్తాను. ఇంగ్లీషు ఉత్తరప్రత్యుత్తరాలు కూడా నా నెత్తినే ఉన్నాయి. ఆఫీసులో ఇంగ్లీషు మీడియం డిగ్రీ ఉన్నది నా ఒక్కడికే మరి.

లండన్‌లో మా కారం పొడి కొనే పాత ఖాతాదారు ఒకరున్నారు. యార్డులో తేజ రకం ధర పెరిగిందని, ఈసారి కిలోకు 12 రూపాయలు పెంచమని అడిగాం. (వాళ్లతో లెక్క డాలర్లలోనే ఉంటుంది, ఇక్కడ రూపాయల్లో చెబుతున్నాను.) మంగళవారం సాయంత్రం జవాబు వచ్చింది. మూడే వాక్యాలు. మా ప్రతిపాదనను గురువారం జరిగే కొనుగోలు సమావేశంలో 'టేబుల్' చేస్తామని దాని సారాంశం.

"సమావేశంలో పెడతారటండీ" అని యజమానికి చెప్పాను. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన ఆయన అల్లుడు గారు పక్కనే కూర్చుని జున్ను తింటున్నారు. గిన్నె కింద పెట్టి, ఉత్తరం ఒకసారి చూసి, "మామయ్య గారూ, టేబుల్ చేయడమంటే అటకెక్కించడం. మా ఆఫీసులో రోజూ వినే మాటే. వద్దనడానికి మొహమాటపడి అలా రాశారు" అన్నారు. పదిహేనేళ్లుగా అక్కడుంటున్న మనిషి మాట ఒకవైపు, బ్రాడీపేట దాటని నా మాట ఒకవైపు. యజమాని ఎటు మొగ్గారో వేరే చెప్పాలా?

బుధవారం పొద్దున్నే "12 అక్కర్లేదు, 5 చాలు" అని నా చేతే రాయించారు. గురువారం రాత్రి వాళ్ల జవాబు: "12కే ఒప్పుకుందామని అనుకున్నాం, మీరే తగ్గించినందుకు చాలా సంతోషం." 12 టన్నుల కంటైనర్లు మూడు. కిలోకు 7 చొప్పున 2,52,000 రూపాయలు.

ఇప్పుడు తప్పు ఎవరిదని విచారణ నడుస్తోంది. అల్లుడు గారిది కాదని మాత్రం తేలిపోయింది. తెలిసినవారు చెప్పండి. ఒక విషయాన్ని చర్చకు పెట్టడానికీ, చర్చలోంచి తప్పించడానికీ ఒకే మాట ఎలా పనికొస్తుంది?

పటమట మాస్టారు | శుక్రవారం రాత్రి 9.48

మీరు చదివింది సరిగ్గానే చదివారు. అల్లుడు గారూ అబద్ధం చెప్పలేదు. ఆ మాట అట్లాంటిక్ సముద్రానికి ఇటు ఒక అర్థంతో, అటు సరిగ్గా దానికి ఎదురు అర్థంతో బతుకుతోంది.

బ్రిటన్‌లో టేబుల్ చేయడమంటే సభ్యుల ముందున్న బల్ల మీద కాగితం పెట్టి, దీని సంగతి చూడండి అనడం. వాళ్ల పార్లమెంటులో సభ్యుల ప్రశ్నలు, తీర్మానాలు తీసుకునే విభాగం పేరే టేబుల్ ఆఫీసు. మన పార్లమెంటుకూ అదే వారసత్వం. స్పీకరు ఆసనానికి దిగువన సెక్రటరీ జనరల్ డెస్కు ముందున్న బల్లనే 'సభ టేబుల్' అంటారు. కాగ్ నివేదికలు అక్కడికే చేరతాయి. తెలుగు పత్రికల్లో "సభ ముందుంచారు" అని చదివేది దాన్నే.

అమెరికాలో బల్ల అదే, ఉద్దేశం వేరు. చేతిలో ఉన్న పనిని కాసేపు బల్ల మీద వదిలి ఇంకో పని చూసుకుందాం అనడం. 1876లో హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు సభా నియమాల పుస్తకం అచ్చువేశాడు. అక్కడి సంఘాలు, క్లబ్బులు ఇప్పటికీ దాన్నే పట్టుకుంటాయి. అందులో 'బల్ల మీద ఉంచడం' అంటే తాత్కాలికంగా పక్కన పెట్టడమే. తిరిగి తీయాలంటే దానికి మళ్లీ ఇంకో తీర్మానం కావాలి. ఆ తీర్మానం ఎవరూ పెట్టకపోతే కాగితం అక్కడే ఉంటుంది.

మన ఇళ్లలో భోజనాల బల్ల చూడండి. కంచం పెట్టేదీ దాని మీదే, చదవని ఉత్తరాలు పేరుకునేదీ దాని మీదే.

ఏలూరు రోడ్డు తిరుగు టపా | శుక్రవారం రాత్రి 10.05

అల్లుడు గారి తరఫున ఒక మాట. నేను పదకొండేళ్లు టెక్సాస్‌లో ఉండి వచ్చాను. అన్నాళ్లలో ఆ మాటను మాస్టారు చెప్పిన మొదటి అర్థంలో ఒక్కసారి కూడా వినలేదు. అక్కడి ప్రతినిధుల సభలో ఒక తీర్మానాన్ని టేబుల్ చేస్తే ఇక దాని కథ ముగిసినట్టే. ఆయన విన్నదే ఆయన చెప్పారు.

ఆయన పొరపాటు వేరే ఉంది. ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు.

అరండల్‌పేట వకీలు | శుక్రవారం రాత్రి 10.21

అమెరికా, లండన్ ఎందుకండీ, ఉత్తరంలో గురువారం అని ఉంది కదా. ఒక విషయాన్ని మూలన పడేయదలచినవాడు ఫలానా తేదీన పడేస్తానని ముందుగా కబురు పంపుతాడా? సందర్భం చూసి అర్థం చెప్పుకోవాలి. ఇందులో భాష తప్పేమీ లేదు, తొందరపాటే ఉంది.

ఏలూరు రోడ్డు తిరుగు టపా | శుక్రవారం రాత్రి 10.24

తేదీ చెప్పి మరీ పక్కన పెట్టడం కోర్టుల్లో రోజూ జరిగేదేగా, వకీలు గారూ?

అరండల్‌పేట వకీలు | శుక్రవారం రాత్రి 10.31

అది వాయిదా. దానికి ఫీజు ఉంటుంది. రెండింటినీ కలపకండి.

కార్పొరేషన్ పెన్షనరు | శనివారం ఉదయం 6.15

విజయవాడ కార్పొరేషన్‌లో ముప్పై ఏళ్లు ఫైళ్లు మోశాను. ఈ ప్రశ్న మంగళవారమే అడిగి ఉంటే మీ యజమాని డబ్బు మిగిలేది.

మునిసిపల్ కౌన్సిల్‌లో 'టేబుల్ అజెండా' అనే మాట వినని గుమస్తా ఉండడు. ముందుగా సభ్యులకు పంచిన కాగితాల్లో లేని అంశాన్ని ఆ రోజే, అప్పటికప్పుడు, బల్ల మీదికి తెచ్చి పెట్టడం. "చదువుకునే సమయమైనా ఇవ్వరా" అని సభ్యులు కేకలు వేసేది దాని మీదే. అటకెక్కించడం కాదు కదా, అటక మీద ఉన్నదాన్ని గబగబా కిందికి దించడం. కాబట్టి గుమస్తా గారూ, మన ఊళ్లలో ఆ మాటకు అర్థం ఎప్పుడో స్థిరపడింది. మీరు బ్రాడీపేట దాటకపోవడమే మీకు కలిసొచ్చింది.

మిర్చి యార్డు మూడో గేటు | శనివారం ఉదయం 7.02

తేజ ధర పెరిగిందని రాశారు. శీతల గిడ్డంగిలో 40 టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయి. ఇప్పుడు తీయవచ్చా, ఇంకా ఆగమంటారా?

నిర్వాహకుడు | శనివారం ఉదయం 7.30

ధరల చర్చ వేరే విభాగంలో నడుస్తోంది. దయచేసి అక్కడ అడగండి.

మంగళగిరి టెస్టింగ్ అమ్మాయి | శనివారం ఉదయం 8.40

నా కథ వింటే మీ యజమానికి కాస్త ఊరట కలుగుతుంది.

ఉద్యోగంలో చేరిన రెండో నెల. షికాగో నుంచి ఫోన్లో సమావేశం, మాట్లాడుకున్నవి రాసుకోవడం నా పని. అక్కడి పెద్దాయన మూడు ఆలోచనలు వరసగా చెప్పి, చివర్లో వాటిని 'త్రో అవుట్' చేస్తున్నానన్నాడు. విసిరి పారేస్తున్నాడనుకున్నాను. తానే చెప్పి తానే పారేసుకోవడం వింతగానే తోచింది. అయినా పెద్దవాళ్లు పైకి ఆలోచిస్తూ ఉంటారులే అని సమాధానపడి, మూడింటికీ ఎదురుగా 'తిరస్కరించారు' అని రాసి అందరికీ పంపాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది. రెండు వారాలు గడిచాక ఆయన అడిగాడు, నా మూడు ఆలోచనల మీద పని ఎంతవరకు వచ్చింది అని.

నలుగురి ముందుకు విసిరి ఏమంటారో చూద్దామనడం ఆయన ఉద్దేశం. మాస్టారూ, ఇది కూడా సముద్రానికి అటూ ఇటూ తేడాయేనా?

పటమట మాస్టారు | శనివారం ఉదయం 9.15

కాదమ్మా, ఇది ఇంకా గడ్డు వ్యవహారం. 'టేబుల్' విషయంలో మనిషి ఏ దేశంవాడో తెలిస్తే సగం చిక్కు విడుతుంది. 'త్రో అవుట్' ఒకే దేశంలో, ఒకే మనిషి నోట, పొద్దున ఒక అర్థంతో, సాయంత్రం ఒక అర్థంతో వస్తుంది. న్యాయమూర్తి కేసును త్రో అవుట్ చేస్తే కొట్టివేసినట్టు. పక్క బల్ల మీది ఉద్యోగి ఒక ఊహను త్రో అవుట్ చేస్తే ప్రతిపాదించినట్టు. ఎవరిది పారేస్తున్నారన్నది చూస్తే కొంత తెలుస్తుంది. మనుషులు సాధారణంగా తమ ఆలోచనను ముందుకు విసురుతారు, ఎదుటివారి ఆలోచనను బయటికి విసురుతారు.

ఇక్కడ ఇంకో బాధ కూడా ఉంది. మీరు తిరస్కరించారని రాసి పంపినా ఎవరూ దిద్దలేదు. దిద్దేవాడు ఉంటే ఏ మాటైనా ప్రమాదం కాదు.

సత్యనారాయణపురం తెలుగు పంతులు | శనివారం ఉదయం 10.50

ఇంగ్లీషును ఆడిపోసుకునే ముందు మన పెరడు చూసుకుందాం.

"పెళ్లి మాట ఎత్తాడు" అంటే మొదలుపెట్టాడని. "ఆ బస్సు ఎత్తేశారు" అంటే ఇక లేదని. క్రియ ఒకటే. వెనుక 'వేయు' చేరగానే తలకిందులైంది. ఆ 'వేయు' ఎప్పుడూ చెరుపుతుందని సూత్రం కట్టడానికీ వీల్లేదు. "మీ నాన్న గారి చెవిన వేశాను" అంటే ఆయనకు తెలియజేశానని. "చెవిన పెట్టలేదు" అంటే వినలేదని.

మంగళగిరి అమ్మాయి చెప్పిన విసరడం కూడా మనకు కొత్తదేమీ కాదు. "సంబంధం సంగతి అక్కడ ఒక మాట పడేసి వచ్చాను" అంటారు పెద్దవాళ్లు. పడేసినది చెత్తబుట్టలో కాదు, నలుగురి మధ్య. అదే "ఆ సంబంధం పడేసి వచ్చాను" అంటే పెళ్లి తప్పిపోయినట్టే. మధ్యలో 'ఒక మాట' ఉన్నదా లేదా అన్నంత తేడా. తెలుగు నేర్చుకునే లండన్‌వాడు మన ఊళ్లో ఒక నెల ఉంటే, ఇలాంటి చర్చ వాడూ మొదలుపెడతాడు.

వస్త్రలత మూడో వరస | శనివారం మధ్యాహ్నం 2.20

పంతులు గారు పెరడు చూపించారు, నేను దుకాణం చూపిస్తాను. వన్ టౌన్‌లో చీరల వ్యాపారం, మా నాన్న గారి కాలం నుంచీ.

మా దగ్గర రోజుకు కనీసం ఇరవైసార్లు వినిపించే మాట "ఇది పక్కన పెట్టండి". దీనికి రెండు అర్థాలు. నచ్చింది, ఇంకొకరికి చూపించకుండా ఉంచండి అని ఒకటి. నచ్చలేదు, కళ్ల ముందు నుంచి తీయండి అని ఇంకొకటి. మాటలో తేడా లేదు, స్వరంలో కూడా పెద్దగా ఉండదు. చీర వైపు చూస్తూ అంటే ఉంచమని. తర్వాతి చీర వైపు చూస్తూ అంటే తీయమని. కుర్రాళ్లకు మొదటి ఆరు నెలలూ మేం నేర్పేది మడత కాదు, ఈ చూపు.

ఒకసారి కొత్తగా చేరిన పిల్లవాడు ఒక పెళ్లి బృందానికి చీరలు చూపిస్తున్నాడు. పెళ్లికూతురి మేనత్త ఒక మెరూన్ కంచి పట్టు చీరను పక్కన పెట్టమన్నారు. ఆమె అప్పుడు ఫోనులో మాట్లాడుతున్నారు, చూపు ఎటూ లేదు. వీడు దాన్ని మడతపెట్టి వెనుక బీరువాలో సర్దేశాడు. రెండు గంటలు గడిచాక, 43 చీరలు పరిచాక, "ఇందాకటి మెరూన్ చీర బిల్లు వేయండి" అన్నారు. అది అప్పటికే పక్క కౌంటర్‌లో ఇంకొకరి సంచిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు మేనత్త గారికి కాఫీ, బాదం పాలు, మళ్లీ కాఫీ. అయినా ఆ కుటుంబం తర్వాత రాలేదు.

అప్పటి నుంచి మా దుకాణంలో ఒక పద్ధతి పెట్టాం. పక్కన పెట్టమనగానే కుర్రాడు చీరను రెండు చేతులతో ఎత్తి, "ఉంచమంటారా అమ్మా, తీయమంటారా?" అని అడగాలి. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా ఫరవాలేదు, చీర మాత్రం ఉంటుంది.

మీ యజమాని కూడా లండన్‌కు ఒక ఫోను చేసి ఉంటే ఎంత ఖర్చయ్యేది?

బ్రాడీపేట గుమస్తా | శనివారం మధ్యాహ్నం 3.05

ఆ మాట నేను ఆ రోజే అన్నానండీ. "ఇంగ్లీషు ఉత్తరానికి అర్థం అడిగితే మన పరువేమవుతుంది?" అన్నారు. ఆ పరువు ఖరీదు 2,52,000 అని ఇప్పుడు నేను అనలేను కదా.

అరండల్‌పేట వకీలు | శనివారం మధ్యాహ్నం 3.40

ఇది మాత్రం ఒప్పుకుంటాను. అర్థం తెలియనివాడు అడుగుతాడు. అర్థం తెలుసని అనుకునేవాడే అడగడు. నిన్న నేను తొందరపాటు అన్నాను, అది సరిపోదు. ఆ అల్లుడు గారికి ఏమీ తెలియకపోయి ఉంటే ఏ నష్టమూ జరిగేది కాదు.

ఏలూరు రోడ్డు తిరుగు టపా | శనివారం మధ్యాహ్నం 3.52

మళ్లీ అల్లుడు గారేనా! యజమాని గారు ఇద్దరి మాటా విన్నారు, ఇద్దరూ చెరొకటి చెప్పారు. అక్కడే ఆగి అడగవలసింది ఆయన. ఇంట్లో అల్లుడికి మర్యాద చేయాలంటే జున్ను పెట్టాలి, వ్యాపారం పెట్టకూడదు.

పటమట మాస్టారు | శనివారం సాయంత్రం 5.30

మీకంటే పెద్దవాళ్లు ఇదే గోతిలో పడ్డారని తెలిస్తే యజమానికి మనసు కుదుటపడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికాధికారులు ఒక పత్రాన్ని అత్యవసరంగా చర్చించాలని, దాన్ని టేబుల్ చేస్తామని అమెరికన్ అధికారులకు చెప్పారు. సొరుగులో పెట్టి మరచిపోదామంటున్నారని అమెరికన్లు అనుకున్నారు. ముఖ్యమైన పత్రాన్ని అలా ఎలా వదిలేస్తామని వాళ్లు, వదలకూడదనే కదా మేం అంటున్నది అని వీళ్లు, చాలాసేపు వాదించుకున్నారట, కాస్త కటువుగానే. చివరికి తేలిందేమిటంటే ఇరువైపులా కోరుకుంటున్నది ఒకటే. విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధ చరిత్రలో స్వయంగా రాసుకున్న సంగతి ఇది.

గమనించండి, వాళ్లు వాదించుకున్నారు కాబట్టే బయటపడ్డారు. మీ యజమాని వాదించలేదు, తగ్గించారు.

బెంజి సర్కిల్ విద్యార్థి | శనివారం సాయంత్రం 6.10

విదేశీ చదువు పరీక్షకు తయారవుతున్నాను. ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయా? భయంగా ఉంది.

లబ్బీపేట బ్యాంకు | శనివారం సాయంత్రం 6.45

ఉన్నాయి. నా రొట్టె వాటి మీదే. "లోను సాంక్షన్ అయింది" అని చెబితే ఖాతాదారు స్వీట్లు తెస్తాడు. అదే మాట ఒక దేశం మీద వేస్తే ఆంక్షలు. 'పాస్' ఇంకొకటి. సభలో తీర్మానం పాసైతే ఒప్పుకున్నట్టు, కాఫీ ఇస్తామంటే పాస్ అన్నవాడు వద్దన్నట్టు.

పటమట మాస్టారు | శనివారం సాయంత్రం 7.00

'మూట్' కూడా రాసుకో బాబూ. మన ఇంగ్లీషు పత్రికల్లో ఒక ఆలోచనను మూట్ చేశారంటే ముందుకు తెచ్చారని. బ్రిటన్‌లో మూట్ అయిన విషయమంటే ఇంకా తేలనిది, వాదించదగ్గది. అమెరికాలో అదే విషయం ఇక వాదించి లాభం లేనిది. భయపడకు. పరీక్షలో వాక్యం మొత్తం ఇస్తారు. ఉద్యోగంలోనే ఇవ్వరు.

తెనాలి కోడలు | శనివారం రాత్రి 8.15

ఇంత దూరం ఎందుకండీ, మా మామగారి 'చూద్దాం' ఎవరైనా విడమరచి చెప్పండి చాలు. కొత్త ఫ్రిజ్ అడిగితే "చూద్దాం" అన్నారు, వారంలో వచ్చింది. పుట్టింటికి పది రోజులు వెళతానంటే "చూద్దాంలే" అన్నారు. ఇది మూడో నెల.

సత్యనారాయణపురం తెలుగు పంతులు | శనివారం రాత్రి 8.32

జవాబు మీరే చెప్పేశారు అమ్మా. మొదటి దాంట్లో 'లే' లేదు. 'చూద్దాం' తలుపు ఓరగా తీసి ఉంచడం. 'చూద్దాంలే' అదే తలుపును నవ్వుతూ వేయడం. చిన్న అక్షరమే, కానీ గడియ పని చేస్తుంది. మీ మామగారు వ్యాకరణం తప్పని మనిషి.

తెనాలి కోడలు | శనివారం రాత్రి 8.40

అయితే ఫ్రిజ్‌లాగా అడగాలన్నమాట, పుట్టింటి సంగతి కూడా.

బ్రాడీపేట గుమస్తా | సోమవారం రాత్రి 9.20

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

మాస్టారు రాసింది అచ్చు తీసి యజమానికి చూపించాను. చర్చిల్ దగ్గర రెండుసార్లు ఆగి చదివారు. "అంతటివాళ్లా!" అన్నారు. ముఖం కాస్త విప్పారింది. తర్వాత వస్త్రలత వారి పద్ధతి చదివించాను. అది ఆయనకు చర్చిల్ కంటే బాగా ఎక్కింది, వ్యాపారి మాట కదా. ఇకపై ఏ ఉత్తరంలో సందేహం వచ్చినా "ఉంచమంటారా, తీయమంటారా" అన్నట్టు తిరిగి ఒక వాక్యం రాయాలని నాకు ఆజ్ఞ అయింది.

ఈ మూడు కంటైనర్ల డబ్బు పోయినట్టే. ఇచ్చిన ధర వెనక్కు తీసుకోవడం మర్యాద కాదన్నారు. తర్వాతి సరుకుకు మళ్లీ 12 అడిగాం. లండన్ నుంచి ఇవాళ జవాబు వచ్చింది, మా ప్రతిపాదన 'క్వైట్ గుడ్' అట. యజమాని నా వైపు చూశారు. అల్లుడు గారు అప్పటికే విమానం ఎక్కేశారు.

పటమట మాస్టారు | సోమవారం రాత్రి 9.31

అయ్యో. అమెరికావాడు అంటే చాలా బాగుందని. లండన్‌వాడు అంటే ఫరవాలేదు, మరీ అంత కాదు అని. అడగండి.

బ్రాడీపేట గుమస్తా | సోమవారం రాత్రి 9.40

అడిగాను మాస్టారూ, వెంటనే. 9కి ఒప్పుకుంటామన్నారు. మామూలుగా అయితే "బాగుంది అన్నారు" అని చెప్పి కూర్చునేవాళ్లం.

ఆ సంతోషంలో నా జీతం సంగతి కూడా ఎత్తాను. ఎత్తాను అంటే పంతులు గారు చెప్పిన మొదటి అర్థంలోనే. యజమాని "చూద్దాం" అన్నారు.

తెనాలి కోడలు | సోమవారం రాత్రి 9.42

'లే' ఉందా?

బ్రాడీపేట గుమస్తా | సోమవారం రాత్రి 9.47

సరిగ్గా అప్పుడే గిడ్డంగి నుంచి లారీవాడు హారన్ కొట్టాడు. చివరి అక్షరం వినబడలేదు.

వస్త్రలత మూడో వరస | సోమవారం రాత్రి 9.50

చూపు ఎటు ఉంది? మీ వైపా, లారీ వైపా?